వార్తల విశ్లేషణకు ముందు ఒక చరిత్ర ఎపిసోడ్

ఏదైనా దేశం హఠాత్తుగా వార్తల్లోకి వచ్చినప్పుడు, ఆనాటి రాజకీయ పాడ్‌కాస్ట్ వినేముందు, అదే దేశం గురించి కొన్నేళ్ల కిందట వచ్చిన చరిత్ర ఎపిసోడ్‌ను వెతికి వినండి. తాజా సంఘటనల వేడి సోకని ఆ చర్చలో సరిహద్దులు, ఒప్పందాలు, పాత వైరాల నేపథ్యం నింపాదిగా తెలుస్తుంది. ఇందుకు నేను ఎక్కువగా ఆశ్రయించేది 1998లో మొదలైన బీబీసీ రేడియో 4 కార్యక్రమం ‘ఇన్ అవర్ టైమ్’. అందులో సాధారణంగా ఆ అంశాన్ని అధ్యయనం చేసిన ముగ్గురు పండితులు మాట్లాడతారు. పైగా కార్యక్రమం పేజీలో చదవదగిన పుస్తకాల జాబితా కూడా ఇస్తారు, నా దృష్టిలో అసలు విలువ ఆ జాబితాదే. ఇద్దరు వ్యాఖ్యాతలే ముచ్చటించుకునే పాడ్‌కాస్టులు వినడానికి హాయిగా ఉన్నా, ఆధారం ఎక్కడ ముగిసి అభిప్రాయం ఎక్కడ మొదలైందో వాటిలో పోల్చుకోవడం కష్టం. ఏది విన్నా, ప్రసారమైన తేదీని ముందుగా చూసుకోండి.