బంకరింగ్ తనిఖీకి వెళ్తున్నారా? ట్యాంకు మూత తీసేముందు ఇది చదవండి

విశాఖ హార్బర్‌లో బంకరింగ్ అప్పుడు, అంటే ఓడ నడవడానికి కావాల్సిన ఆయిల్ ఎక్కించేటప్పుడు, కొలతలకీ శాంపిల్‌కీ వెళ్లే కుర్రాళ్లకు హెల్మెట్, లైఫ్ జాకెట్ ఇచ్చి భద్రత అయిపోయిందనుకుంటారు. నన్నడిగితే టెక్నాలజీ చేయాల్సిన మొదటి పని, తెరిచిన ట్యాంకు దగ్గరికి మనిషి వెళ్లే అవసరాన్నే తగ్గించడం.

ఆయిల్ తెచ్చే బార్జి (చిన్న ట్యాంకర్ పడవ) మీద, పైపులో పారే ఆయిల్ బరువు కొలిచే మాస్ ఫ్లో మీటర్ ఉంటే ఎంత ఆయిల్ వెళ్లిందో పైపులోనే తెలిసిపోతుంది, అందుకే సింగపూర్‌లో 2017 నుంచి ఫర్నేస్ ఆయిల్ సరఫరాకు దీన్ని తప్పనిసరి చేశారు. మీటరున్నా చీఫ్ ఇంజినీర్ ట్యాంకు కొలవాలంటే మూత తీయకుండానే ఆయిల్ మట్టం చెప్పే రాడార్ గేజ్ రీడింగ్ అడగండి, అదీ లేకపోతే మూత తీయకుండా వేపర్ లాక్ (గ్యాస్ బయటికి రానివ్వని వాల్వు) గుండా దింపే ఎలక్ట్రానిక్ టేపు వాడండి. టేపును ముందు ఓడ బాడీకి ఎర్త్ చేయడం మాత్రం మర్చిపోవద్దు, డీజిల్ అయితే స్టాటిక్ కరెంటుతో నిప్పురవ్వ పుట్టే భయం ఇంకా ఎక్కువ.

ఇక గ్యాస్ డిటెక్టర్. ఫర్నేస్ ఆయిల్ నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన కోడిగుడ్డు వాసన కొడుతుంది కానీ, 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు వంద వంతులు) దాకా వెళ్లేసరికి ముక్కు మొద్దుబారిపోయి ఆ వాసనే తెలియదు. వాసన రావట్లేదు కదా అని ముందుకెళ్లిన మనిషి అక్కడే పడిపోతాడు. అందుకని నాలుగు గ్యాసుల డిటెక్టర్ కొనండి, దాన్ని ప్యాంటు జేబులో కాకుండా కాలర్ దగ్గర, ముక్కుకు ఓ జానెడు దూరంలో క్లిప్ పెట్టండి, పైన రెయిన్‌కోటు వేసి కప్పేయకండి. బయలుదేరేముందు టెస్ట్ గ్యాస్ సిలిండర్‌తో బంప్ టెస్ట్ చేసి అలారం మోగుతుందో లేదో చూడండి, స్క్రీన్ వెలిగినంత మాత్రాన సెన్సర్ పనిచేస్తున్నట్టు కాదు. మన సముద్రపు ఉప్పుగాలికి, ఉక్కకు సెన్సర్ ముందుండే ఫిల్టర్ మూసుకుపోతుంది, తరచూ చూస్తుండాలి. ఆరుబయట స్వచ్ఛమైన గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం చూపించాలి.

అలారం మోగితే రీడింగ్ ఎంతో చూస్తూ నిలబడొద్దు, గాలికి అడ్డంగా నడిచి బయటపడండి. తోటివాడు పడిపోయినా ఊపిరి సెట్ (గాలి సిలిండర్, మాస్కు) లేకుండా దగ్గరికి వెళ్లొద్దు, ఇది మనసుకు కష్టమే, కానీ అలా వెళ్లినవాళ్లు తామూ ప్రాణం పోగొట్టుకుంటారు.

ఆయిల్ పైపులు ఓడకు కలిపే మ్యానిఫోల్డ్ దగ్గర మామూలు ఫోన్ తీయకండి, ఫొటోలకూ వాకీటాకీకీ మండే గ్యాసుల చోట వాడేందుకు సర్టిఫై అయినవే కావాలి. కదలిక ఆగితే దానంతటదే అలారం పంపే డిటెక్టర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి, ఒంటరిగా పనిచేసేవాళ్లకి అవే ఇవ్వండి. అయితే ఆ అలారం ఎవరి ఫోన్‌కి వెళ్తుంది, రాత్రి రెండింటికి ఎవరు లేచి చూస్తారు అన్నది పేరుతో సహా రాసుకున్నాకే మనిషిని బార్జి ఎక్కించండి.