శాంటియాగోలో రెండు రాత్రులు: పెద్దవాళ్లతో వెళ్లేముందు

అమ్మానాన్నలకి శాంటియాగో డి కాంపోస్టెలా చూపించాలని చాలా రోజులుగా అనుకుని, చివరికి ఒక అక్టోబరులో తీసుకెళ్లాను. ఉన్నది రెండు రాత్రులే. మొదటి సాయంత్రమే అమ్మ కాలు జారింది. అందుకే ముందు చెప్పుల సంగతి చెబుతాను.

పాత ఊరంతా గ్రానైటు పలకలు పరిచిన నేల. తరతరాలుగా నడిచి నడిచి నున్నబడిపోయింది. స్పెయిన్‌కి వాయవ్య మూలన, అట్లాంటిక్ పక్కనే ఉన్న గలీసియా ప్రాంతం ఇది. వానలెక్కువ, శరదృతువు నుంచి మరీనూ. చినుకు పడిందంటే పలకలు నూనె రాసినట్టు మెరుస్తాయి. అమ్మ వేసుకున్నవి అడుగు అరిగిపోయిన చెప్పులు. పక్కనే రాతి స్తంభం చేతికందింది కాబట్టి పడలేదు. గట్టి పట్టున్న బూట్లు కొని, వారం పది రోజులు ఇంటి దగ్గరే వాటితో నడిపించండి. గొడుగు కంటే తలకి కూడా కప్పుకునే రెయిన్‌కోటు నయం, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. రూఆ దో విలార్, రూఆ నోవా వీధుల్లో ఇళ్ల కింద స్తంభాల వరండాలున్నాయి. వానలో వాటి కిందనుంచే నడవండి.

పాత ఊళ్లో చాలా వీధుల్లోకి కార్లు రావు. గది బుక్ చేసేముందే ట్యాక్సీ ఎక్కడిదాకా వస్తుందో, లిఫ్టు ఉందో లేదో అడగండి.

ఇక తేదీలు. జూలై 25 ఏసు శిష్యుల్లో ఒకరైన సెయింట్ జేమ్స్ పండగ. ఆయన సమాధి ఉందని నమ్మే ఊరు కాబట్టే ఇన్ని వందల ఏళ్లుగా జనం నడిచొస్తున్నారు. పండగ ఆదివారం పడితే అది పవిత్ర సంవత్సరం, మామూలుగా ఆ ఏడాదే కేథడ్రల్ (ఊళ్లోని పెద్ద చర్చి) పవిత్ర ద్వారం తెరుస్తారు. 2021 తర్వాత మళ్లీ 2027లో వస్తోంది. వైకుంఠ ద్వారం తెరిచినప్పుడు తిరుమల ఎలా ఉంటుందో చూసినవాళ్లకి రద్దీ గురించి వేరే చెప్పక్కర్లేదు. అప్పుడే వెళ్లాలనుకుంటే గది నెలల ముందే చూసుకోండి. స్పెయిన్‌కి వెళ్లడానికి కావాల్సిన షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ అప్లై చేయొచ్చు. చివరి రోజుల్లో స్లాట్ల కోసం టెన్షన్ పడొద్దు. వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి.

కేథడ్రల్లోకి బ్యాక్‌ప్యాకులు రానివ్వరు, గదిలోనే వదిలేయండి. బోతాఫుమెయిరో అనే పెద్ద ధూపపాత్ర ఉంది. యాభై కిలోల పైనే బరువు, ఎనిమిది మంది తాళ్లు పట్టి ఊపుతారు. అది ప్రతి పూజలోనూ ఊపరు. చూపిస్తానని పెద్దవాళ్లకి మాటివ్వకండి, ఆశపడి నిరాశపడతారు. దానికి బదులు పోర్టికో దె లా గ్లోరియాకి ముందుగా టికెట్ తీసుకోండి. 1188 నాటి పని, మాస్టర్ మాతేఓ చెక్కించిన రాతి ద్వారం. ఇచ్చిన టైము అయిపోయినా నాన్న అక్కడినుంచి కదల్లేకపోయారు.

బయట ఒబ్రదోయిరో మైదానంలో వందల కిలోమీటర్లు నడిచొచ్చినవాళ్లు రాతినేల మీదే పడుకుని ఏడుస్తుంటారు. దయచేసి వాళ్ల మొహాల మీద ఫోన్లు పెట్టకండి.

తిండి దగ్గర జాగ్రత్త మరీ ముఖ్యం. మధ్యాహ్నం నాలుగింటి నుంచి రాత్రి ఎనిమిది, ఎనిమిదిన్నర దాకా చాలా రెస్టారెంట్ల వంటిళ్లు మూసేస్తారు. నాన్నకి షుగర్. మొదటిరోజు ఏడింటికి అన్నం కోసం తిరిగి, చేతులు వణుకుతుంటే ఒక బెంచీ మీద కూర్చోబెట్టాల్సి వచ్చింది. సంచిలో బిస్కెట్లు, పళ్లు, కాస్త పంచదార ఎప్పుడూ ఉండాలి. మందులు చేతిసంచిలోనే, చీటీతో సహా పెట్టుకోండి.

శాకాహారులు 'వెజిటేరియన్' అని ఊరుకుంటే చాలదు. మాంసం, హామ్ (పంది మాంసం), ట్యూనా చేప ఏదీ వద్దని విడివిడిగా చెప్పండి: 'సిన్ కార్నే, సిన్ హమోన్, సిన్ అతూన్'. కాల్దో గలేగో ఆకుకూర, బంగాళాదుంపల పులుసులా కనిపిస్తుంది కానీ అందులో పంది కొవ్వు వేస్తారు. ఉప్పు చల్లి వేయించిన పాద్రోన్ మిరపకాయలు మనవాళ్లకి బాగా నచ్చుతాయి. తార్తా దె శాంటియాగో బాదం కేకు, అందులో గుడ్డుంటుంది. వంటగది ఉన్న గది దొరికితే సగం బెంగ తీరినట్టే. మెర్కాదో దె అబాస్తోస్ మార్కెట్లో కూరలు దొరుకుతాయి, పొద్దున్నే వెళ్లాలి, ఆదివారం ఉండదు. ఇండియా నుంచి కందిపొడి తెచ్చుకోవచ్చు కానీ నెయ్యి, పాల స్వీట్లు యూరప్‌లోకి తేనివ్వరు.

వీధులు మలుపు మలుపుకీ ఒకేలా కనిపిస్తాయి. హోటల్ పేరు, వీధి పేరు, మీ ఫోన్ నంబరు, అత్యవసర నంబరు 112 ఒక కాగితం మీద రాసి అమ్మ పర్సులో ఒకటి, నాన్న జేబులో ఒకటి పెట్టండి. వానకి తడవకుండా ప్లాస్టిక్ కవర్లో.