కాటా, కొసరు, కూలి: యూదుల ధర్మం ప్రకారం కొట్టు నడపడం ఎలా

విశాఖపట్నం పూర్ణా మార్కెట్ వెనక సందులో మాది చిన్న కిరాణా కొట్టు, నాన్న టైం నుంచి ఉంది. నేను యూదుణ్ణి కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులు ఉన్నారని, బెనె ఎఫ్రాయిం అంటారని ఎక్కడో చదివి, అలా అలా లాక్కుంటూ వెళ్తే వాళ్ళ వ్యాపార రూల్స్ దాకా వచ్చాను. మనిషి పోయాక పైన అడిగే మొదటి ప్రశ్న ఎన్నిసార్లు ప్రార్థన చేశావని కాదంట, బేరసారాల్లో నమ్మకంగా ఉన్నావా అని అంట, యూద పండితుల ధర్మ చర్చలన్నీ కూర్చిన గ్రంథం తల్ముద్‌లో రవా అనే పండితుడి మాట ఇది, శాస్త్రం చదవడానికి టైం పెట్టుకున్నావా అనేది దాని తర్వాత వచ్చే ప్రశ్న. నాకు నచ్చిందేంటంటే వీళ్ళు నీ మనసు మంచిదా అని అడగరు, గుడ్డ పట్టుకుని కాటా తుడిచావా అని అడుగుతారు.

కాబట్టి కాటాతోనే మొదలెట్టండి. క్రీస్తు శకం 200 ప్రాంతంలో కూర్చిన మిష్నాలో, అంటే తల్ముద్‌కి మూలమైన పాత ధర్మాల పుస్తకంలో, లెక్క రాసి ఉంది: చిల్లర కొట్టువాడు కొలపాత్రలు వారానికి రెండుసార్లు, తూకం రాళ్ళు వారానికోసారి, త్రాసు తట్ట అయితే తూచిన ప్రతిసారీ తుడవాలి. ఎందుకో మా కొట్లో చూస్తే తెలుస్తుంది. చింతపండు తూచాక తట్టకి పీచు, జిగురు అంటుకుంటాయి, దానిమీదే బెల్లం, ఇంక సాయంత్రానికి సరుకు పెట్టే వైపు తట్ట నల్లగా బరువెక్కి కూర్చుంటుంది, ఆ బరువంతా కొనేవాళ్ళ లెక్కలోనే పోతుంది కదండీ, నేనేమీ మోసం చెయ్యలేదు, తుడవలేదంతే. ఇప్పుడు ఎలక్ట్రానిక్ కాటా వచ్చింది కదా అనకండి. కవరో డబ్బానో పెట్టి సున్నా చెయ్యకుండా తూస్తే అట్టపెట్టెని కాజూ బర్ఫీ రేటుకి అమ్మినట్టే. హార్బర్‌లో రొయ్యలు కొనేటప్పుడు ఐసు నీళ్ళు పూర్తిగా కారనివ్వకుండా కాటా మీద పెట్టేస్తారు చూడండి, అదీ ఇదే. ద్రవాలు కొలిచేటప్పుడు నురగ రేపడం కూడా తల్ముద్ తప్పు కింద రాసింది. పాలు పైనుంచి ధారగా పోస్తే గ్లాసు నిండినట్టు కనిపిస్తుంది, నురగ దిగాక అసలు సంగతి తెలుస్తుంది.

తర్వాత మొగ్గు. త్రాసు కొనేవాడి వైపు ఒక బెత్తెడు వాలాలి అంటుంది మిష్నా, సరిగ్గా సమంగా తూచారా, పైన కొసరు వెయ్యాలి. కొసరు అనే మాట మనకే సొంతం అనుకునేవాణ్ణి నేను! అంటే మా మామ్మలు "ఏటి బాబూ కొసరెయ్యవా" అని అడిగేది దబాయింపు కాదు, వాళ్ళ లెక్కలో అయితే హక్కే.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. నాన్న కాలం నాటి కిలో ఇనప రాయి ఒకటి ఉండేది, అడుగున సీసం ముద్ద ఊడిపోయి అరిగిపోయింది, తూకానికి వాడట్లేదు కదా అని గోడౌన్ తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నా. బైబిల్లో ద్వితీయోపదేశకాండం 25వ అధ్యాయంలో సంచిలో పెద్ద రాయి చిన్న రాయి రెండు రకాలు పెట్టుకోవద్దని ఉంటుంది చూడండి, దాన్ని పట్టుకుని తల్ముద్ ఇంకా ముందుకెళ్ళింది, తప్పుడు కొలత ఇంట్లో ఉండనే కూడదు, మూత్రం పోసుకునే పాత్రగా వాడుకున్నా సరే ఉండకూడదు అంటుంది. ఏ సందెవేళో తెలీనివాడు తీసి వాడేస్తాడని భయం. రవ్ పాపా అనే ఆయన మాత్రం, అధికారులు ముద్ర వేసే ఊళ్ళో పర్లేదు, ముద్ర లేకపోతే జనమే తీసుకోరు అన్నాడు. మనకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంది కాబట్టి ఆయన లెక్కన నేను తప్పించుకోవచ్చు. కానీ మా గోడౌన్‌లో సాయంత్రం ఆరింటికి కరెంటు పోతే ఎవడు ముద్ర చూస్తాడు. పాత ఇనుము వాడికి ఇచ్చేశా.

రేటు సంగతికి వద్దాం. రేటులో ఎదుటివాడికి అన్యాయం చెయ్యడాన్ని ఓనాఅ అంటారు, గీత ఆరో వంతు దగ్గర గీశారు. బజార్లో అందరూ 60కి అమ్మే వస్తువు మీరు 70కి అమ్మారంటే పది రూపాయలు వెనక్కివ్వాలి, బేరం మాత్రం నిలుస్తుంది. 70 దాటితే కొన్నవాడు బేరమే రద్దు చేసుకోవచ్చు. 70 లోపైతే ఇంక చేసేదేం లేదు. కొన్నవాడికి గడువు ఎంతంటే, ఆ సరుకు తెలిసిన వ్యాపారికో చుట్టానికో చూపించుకునేంత సేపు. అమ్మేవాడు తెలీక బాగా తక్కువకి ఇచ్చేసినా ఇదే రూల్ అతన్నీ కాపాడుతుంది. దీంట్లోంచి నీట్‌గా బయటపడే దారి కూడా పెట్టారు, "నాకు ఇంత పడింది, దీనిమీద ఇంత వేసుకుంటున్నా" అని నిజం చెప్పేసి అమ్మితే ఓనాఅ లేదు. నేను జీడిపప్పు విషయంలో ఇదే చేస్తున్నా, బేరం టైం సగం తగ్గింది.

సరుకు పేర్చడంలో జాగ్రత్త. నలిగిన గింజలు ఏరి జల్లించి అమ్మడం ఒప్పే అన్నారు పండితులు, కానీ గాదె మూతి దగ్గర మాత్రమే జల్లించి పైపైన మెరిపించడం కుదరదు, అది కంటికి గంతలు కట్టడం. బుట్టలో పైన ఎర్రటి టమాటాలు కింద మెత్తబడ్డవీ, ఇంక నేను చెప్పక్కర్లేదు. పాత సామానుకి రంగేసి అమ్మడం కూడా ఆ లిస్టులోనే ఉంది. పిల్లలకి వేయించిన గింజలు, పప్పులు పంచి కొట్టుకి అలవాటు చేయడం గురించి మాత్రం గొడవ పడ్డారు, రబ్బీ యెహూదా అనే పండితుడు వద్దన్నాడు, మిగతావాళ్ళు పర్లేదన్నారు. మా వీధి పిల్లలకి చాక్లెట్ ఇస్తా కాబట్టి నేను మిగతావాళ్ళ పార్టీ.

కొనేవాళ్ళకీ ఒకటుంది, కొనే ఉద్దేశం లేకుండా "ఇదెంత" అని అడగకూడదు. జగదాంబ దగ్గర షాపులో ఏసీలో కూర్చుని నాలుగు చీరలు విప్పించి, ఫోటో తీసుకుని ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేవాళ్ళు ఆలోచించుకోండి.

కూలి ఆ రోజుదారోజే. పగలు పనిచేసినవాడికి ఆ రాత్రి గడిచేలోపు ఇచ్చెయ్యాలి, అతను అడిగితే. లోడు దింపిన కళాసీకి "ఫోన్‌పే సర్వర్ డౌన్, రేపు రా" అనడం కుదరదు, అందుకే గల్లాలో కొంత చిల్లర నోట్లు దాని కోసమే పక్కన పెడతా.

మరి ఇన్నేళ్ళూ తెలిసో తెలీకో తక్కువ తూచింది ఎలా తీర్చాలి? ఇదే అన్నిటికంటే కష్టం అంటారు వాళ్ళు కూడా, ఎవరికి ఎన్ని గ్రాములు తగ్గాయో ఎవడికి గుర్తుంటుంది, గుర్తున్నవాళ్ళకి తిరిగిచ్చెయ్యాలి, మిగతాది ఊరందరికీ పనికొచ్చేదానికి పెట్టాలి. రవ్ హిస్దా అనే పండితుడు బావులు తవ్వించమన్నాడు. మా సందులో బావి తవ్వే జాగా ఎక్కడుంది, వేసవి రాగానే కొట్టు ముందు చలివేంద్రం పెట్టా, రెండు కుండలు, తడిగుడ్డ చుట్టి. మీరూ పెడితే గ్లాసుకి గొలుసు కట్టండి, మాది రెండో రోజుకే మాయమైంది.