స్కోరు బల్ల దగ్గర – 6వ పాఠం: పాయింట్లు సమానమైతే ఎవరు పైన?

పోయిన పాఠం చివర ఇచ్చిన, నాలుగు బాస్కెట్‌బాల్ జట్లను పట్టికలో వరుసగా పెట్టే లెక్కకు మీరు పంపిన జవాబులన్నీ చూశాను. ఎక్కువమంది జడ్చర్లను మొదటి స్థానంలో పెట్టారు. జడ్చర్ల ఉండాల్సింది మూడో స్థానంలో. మిర్యాలగూడను మూడో స్థానంలో పెట్టారు, అది మొదట ఉండాలి. ఇదే నిజం టోర్నమెంట్ అయితే గెలిచిన పిల్లలు సంచులు సర్దుకుని బస్సెక్కేవాళ్లు. అందుకని ఈసారి చెబుతానన్న టీమ్ ఫౌళ్లు, టైమ్‌ఔట్ గుర్తులు వచ్చే పాఠానికి జరిపాను. ఇది చేతికి రాకుండా ముందుకు పోయి లాభం లేదు.

లెక్క మళ్లీ ఇస్తున్నాను, పాత పాఠం తెరవక్కర్లేదు. నాలుగు జట్లు, ఆరు మ్యాచ్‌లు. అన్నీ ఊహించిన స్కోర్లే.

మిర్యాలగూడ 64 – దేవరకొండ 55
దేవరకొండ 58 – జడ్చర్ల 51
జడ్చర్ల 66 – మిర్యాలగూడ 64
మిర్యాలగూడ 57 – వనపర్తి 54
దేవరకొండ 70 – వనపర్తి 52
జడ్చర్ల 84 – వనపర్తి 43

గెలిస్తే 2, ఓడితే 1. మిర్యాలగూడ, దేవరకొండ, జడ్చర్ల మూడింటికీ రెండేసి గెలుపులు, ఒక్కో ఓటమి, అంటే అయిదేసి పాయింట్లు. వనపర్తికి మూడు. ఇక్కడిదాకా అందరూ సరిగ్గానే చేశారు.

ఓడినవాళ్లకు 1 ఎందుకని ఇద్దరు ముగ్గురు అడిగారు. ఆడి ఓడినవాళ్లకూ, అసలు మైదానానికే రానివాళ్లకూ తేడా ఉండాలి కాబట్టి. రాని జట్టుకు, అంటే మనం వాకోవర్ అనేదానికి, సున్నా పాయింట్లు. స్కోరు 20–0 అని రాస్తాం. ఆట మధ్యలో గాయాలతోనో ఫౌళ్లతోనో ఒక జట్టుకు కోర్టులో ఇద్దరు కూడా మిగలకపోతే అది వేరే సంగతి. ఎదుటి జట్టు అప్పటికే ముందుంటే ఉన్న స్కోరే నిలుస్తుంది. లేకపోతే 2–0 అని రాస్తాం. మనుషులు చాలని జట్టుకు మాత్రం 1 పాయింట్ ఇస్తాం, ఎందుకంటే వాళ్లు వచ్చి ఆడారు.

ఇప్పుడు అసలు గుంట. మీలో చాలామంది ఏం చేశారంటే, మూడు మ్యాచ్‌ల తేడాలూ కలిపేశారు. జడ్చర్లకు మైనస్ 7, ప్లస్ 2, ప్లస్ 41 కలిపి ప్లస్ 36. దేవరకొండకు ప్లస్ 16. మిర్యాలగూడకు ప్లస్ 10. చూడగానే జడ్చర్ల పైకెక్కింది. ఇది క్రికెట్ అలవాటు. ఐపీఎల్ పట్టికలో పాయింట్లు సమానమైతే చూపు నేరుగా నెట్ రన్ రేట్ మీదికి పోతుంది, అందులో లీగ్ మ్యాచ్‌లన్నీ కలుస్తాయి. ఆ చూపును బాస్కెట్‌బాల్ పట్టిక మీదికి తేకండి. ఇది ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ మళ్లీ జరిగే తప్పు. వేసవి టోర్నమెంట్లలో కోర్టు పక్కన బోర్డు మీద పట్టిక రాయగానే పిల్లలు ఫోన్లో ఫొటో తీసి ఊళ్లోవాళ్లకు వాట్సాప్‌లో పంపేస్తారు. ఆ ఒక్క ఫొటో వెళ్లిపోయాక దిద్దుబాటు చేస్తే గొడవే. "మా పిల్లలు 41 తేడాతో కొట్టారు కదా సార్, మేమెట్ల కింద ఉంటాం?" అని కోచ్ వచ్చి బల్ల దగ్గర నిలబడతాడు. ఆయనకు చెప్పగలగాలంటే ముందు మీకు స్పష్టంగా తెలియాలి.

ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నియమం ఇది: గెలుపోటములు సమానంగా ఉన్న జట్లు ఒకదానితో ఒకటి ఆడిన మ్యాచ్‌లే చూడాలి. మిగతా జట్లతో ఆడినవి పక్కన పెట్టాలి. ఇక్కడ సమానంగా ఉన్నవి మూడు. వనపర్తి ఆ గుంపులో లేదు. కాబట్టి వనపర్తితో ఆడిన మూడు మ్యాచ్‌లూ ఈ లెక్కకు లేనట్టే. 41 తేడా కూడా లేనట్టే.

నేను చేసే పద్ధతి చెబుతాను. పెద్ద పట్టిక మీద ఏమీ దిద్దను. పక్కన ఒక చిన్న కాగితం తీసుకుని, సమానంగా ఉన్న జట్లతోనే కొత్త పట్టిక గీస్తాను, పెన్సిల్‌తో. ఫోన్లో ఎక్సెల్ వాడేవాళ్లు వాడుకోండి గానీ, ఎక్సెల్ మీరు చెప్పిన వరుసలన్నీ కలిపేస్తుంది, ఏవి కలపకూడదో దానికి తెలియదు. చిన్న కాగితం మీద నాలుగో జట్టు పేరే ఉండదు కాబట్టి చెయ్యి పొరపాటున కూడా అటు పోదు.

ఈ ముగ్గురి మధ్య ఒక్కొక్కరికీ ఒక గెలుపు, ఒక ఓటమి, కాబట్టి తేడాలు చూడాలి. ఆ చిన్న కాగితం మీద:

మిర్యాలగూడ: దేవరకొండ మీద ప్లస్ 9, జడ్చర్లతో మైనస్ 2. మొత్తం ప్లస్ 7.
దేవరకొండ: మైనస్ 9, ప్లస్ 7. మొత్తం మైనస్ 2.
జడ్చర్ల: మైనస్ 7, ప్లస్ 2. మొత్తం మైనస్ 5.

మిర్యాలగూడ, దేవరకొండ, జడ్చర్ల. అన్ని మ్యాచ్‌ల తేడాలతో వచ్చిన వరుసకు ఇది పూర్తిగా తలకిందులు.

కాగితం మీద ఉన్న తేడాలన్నీ కలిపితే సున్నా రావాలి. ఏడులోంచి రెండు, అయిదు పోతే సున్నా. రాకపోతే ఎక్కడో గుర్తు తారుమారైంది, లేదా బయటి మ్యాచ్ ఒకటి లోపలికి దూరింది. ఈ ఒక్క పరీక్షకు పది సెకన్లు పట్టదు. మీరు పంపిన జవాబుల్లో సగం ఇది చేసుంటే అక్కడే పట్టుబడేవి.

ఒక తమ్ముడు అడిగాడు, వనపర్తి మ్యాచ్ కూడా కష్టపడి ఆడిందే కదా, ఎందుకు తీసేయాలని. మంచి ప్రశ్న. నాకైతే ఈ నియమం న్యాయంగానే అనిపిస్తుంది. బలహీనమైన జట్టు మొదటి రోజు పదిమందితో ఉంటుంది, మూడో రోజుకు ముగ్గురికి కాలు పట్టేసి, ఒకరికి పరీక్ష ఉండి, ఆరుగురితో మిగులుతుంది. ఆ ఆరుగురి మీద చివరి రోజు ఆడిన జట్టుకు 41 తేడా వస్తుంది. మొదటి రోజు ఆడిన జట్టుకు 3 వస్తుంది. ఎవరు మేలో తేల్చాల్సింది ఆ ముగ్గురి మధ్యే అయినప్పుడు, వాళ్లు ఎదురెదురుగా ఆడిందే సాక్ష్యం.

రెండే జట్లు సమానమైతే చిన్న కాగితం కూడా అక్కర్లేదు. వాళ్లిద్దరి మ్యాచ్ ఎవరు గెలిచారో చూడండి, అయిపోయింది. 61–60తో గెలిచినా సరే, రెండో జట్టుకు మిగతా మ్యాచ్‌లలో ఎంత తేడా ఉన్నా సరే.

వరుస పూర్తిగా చెబుతాను. మొదట, సమానమైన జట్ల మధ్య మ్యాచ్‌ల గెలుపోటములు. అక్కడా సమానమైతే ఆ మ్యాచ్‌లలో తేడా. తర్వాత ఆ మ్యాచ్‌లలోనే వేసిన పాయింట్లు. అప్పటికీ తేలకపోతేనే గ్రూపులోని అన్ని మ్యాచ్‌ల తేడా, ఆపైన అన్ని మ్యాచ్‌లలో వేసిన పాయింట్లు. మీరు మొదటే వాడిన మెట్టు నిజానికి నాలుగోది.

ఈ మెట్ల మధ్యలో ఇంకో చిన్న గుంట ఉంది. పై లెక్కలోనే మొదటి మూడు స్కోర్లు ఇలా ఉన్నాయనుకోండి: మిర్యాలగూడ 63 – దేవరకొండ 55, దేవరకొండ 60 – జడ్చర్ల 55, జడ్చర్ల 66 – మిర్యాలగూడ 64. తేడాలు మిర్యాలగూడకు ప్లస్ 6, మిగతా ఇద్దరికీ మైనస్ 3. మిర్యాలగూడ మొదటిదని తేలింది. మిగిలిన ఇద్దరికీ వెంటనే తర్వాతి మెట్టు, వేసిన పాయింట్లు, చూడకండి. అలా చూస్తే జడ్చర్ల 121, దేవరకొండ 115, జడ్చర్ల పైకొస్తుంది. అది తప్పు. ఒక జట్టు స్థానం తేలిన వెంటనే, మిగిలినవాళ్లకు మళ్లీ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాలి. మిగిలింది ఇద్దరు. వాళ్ల మ్యాచ్‌లో గెలిచింది దేవరకొండ. కాబట్టి దేవరకొండ రెండు, జడ్చర్ల మూడు.

ఇదంతా మండల స్థాయి తలనొప్పి అనుకోకండి. ఆసియా క్రీడల్లో ఈ లెక్క ఒక జట్టును ఏం చేసిందో చూడండి.

2014, దక్షిణ కొరియాలోని ఇంచియాన్. పురుషుల బాస్కెట్‌బాల్‌లో సెమీఫైనల్‌కు ముందు గ్రూపులో కొరియా, ఖతార్, కజకిస్థాన్, ఫిలిప్పీన్స్. పైన ఉన్న ఇద్దరే సెమీస్‌కు పోతారు. ఫిలిప్పీన్స్ ఖతార్‌తో 68–77తో ఓడింది. కొరియాతో 95–97తో, రెండే రెండు పాయింట్లతో ఓడింది. చివరి మ్యాచ్ కజకిస్థాన్‌తో. కొరియా పైన ఖాయమైపోయింది. ఫిలిప్పీన్స్ గెలిస్తే మిగతా మూడు జట్లకూ ఒక్కో గెలుపు, మన లెక్కలో లాగే. కొరియాను చెమటలు పట్టించి రెండు పాయింట్లతో ఓడిన మ్యాచ్ ఇక్కడ పనికి రాదు, ఎందుకంటే కొరియా ఆ ముగ్గురిలో లేదు. ఖతార్‌తో పోయిన 9 మాత్రం ముల్లులా అలాగే ఉంది. కజకిస్థాన్, ఖతార్ మధ్య మ్యాచ్ తేడా కూడా కలిపి చూస్తే, కజకిస్థాన్ మీద గెలవడం చాలదు, కనీసం 11 పాయింట్ల తేడాతో గెలవాలి.

ఆట చివరి క్షణాలకు ఫిలిప్పీన్స్ 65–63తో ముందుంది. గెలుస్తున్నారు, కానీ ఇంటికి పోతున్నారు. మిగిలిన సెకన్లలో ఇంకో తొమ్మిది పాయింట్లు రావు. స్కోరు సమానమైతే మాత్రం ఓవర్‌టైమ్, ఇంకో అయిదు నిమిషాలు చేతికొస్తాయి. కోచ్ చోట్ రేయెస్ చెప్పడంతో, వాళ్ల పొడుగు ఆటగాడు మార్కస్ డౌతిట్ బంతిని సొంత బాస్కెట్‌లోనే వేశాడు. రిఫరీలు ఆ బాస్కెట్‌ను లెక్కలోకి తీసుకోలేదు. మ్యాచ్ 67–65తో ముగిసింది. ఫిలిప్పీన్స్ గెలిచింది, చిన్న కాగితం మీద మైనస్ 9, ప్లస్ 2, మొత్తం మైనస్ 7. కొరియాతో పాటు కజకిస్థాన్ సెమీస్‌కు పోయింది.

స్కోరు బల్ల దగ్గర కూర్చునేవాళ్లు ఇక్కడ నేర్చుకోవాల్సింది ఒకటుంది. కావాలని సొంత బాస్కెట్‌లో వేస్తే అది నియమోల్లంఘన, పాయింట్లు లేవు, షీటులో ఏమీ రాయొద్దు. పొరపాటున పడితే, ఉదాహరణకు రీబౌండ్, అంటే రింగుకు తగిలి తిరిగొచ్చే బంతి, తీసుకోబోయి చెయ్యి తగిలి పడితే, ఎదుటి జట్టుకు 2 పాయింట్లు. వాటిని కోర్టులో ఉన్న ఎదుటి జట్టు కెప్టెన్ పేరు మీద రాయాలి. కావాలని వేశాడా, పొరపాటా అన్నది తేల్చేది రిఫరీ. మీరు ఆయన చెయ్యి చూడండి, జనం అరుపులు కాదు.

గ్రూపులో రెండో స్థానం వస్తే ఏమవుతుందిలే అనేవాళ్లకు 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలు చూపిస్తాను. అక్కడ నాలుగు గ్రూపులు. మొదటి స్థానం జట్లు నేరుగా క్వార్టర్స్‌కు, రెండు మూడు స్థానాలవాళ్లు అదనంగా ఒక మ్యాచ్ ఆడి రావాలి. కొరియా గ్రూపులో జపాన్‌తో 77–83తో ఓడి రెండో స్థానంలో పడింది. బహ్రెయిన్‌తో అదనపు మ్యాచ్ ఆడి, మర్నాడే చైనా ముందు నిలబడి 70–84తో ఓడిపోయింది. అలాగని రెండో స్థానంతో కథ ముగియదు. ఫిలిప్పీన్స్ కూడా గ్రూపులో జోర్డాన్ చేతిలో 62–87తో ఓడి రెండో స్థానంలో వచ్చింది. అదనపు మ్యాచ్‌లో ఖతార్‌ను 80–41తో ఓడించింది, క్వార్టర్స్‌లో ఇరాన్‌ను 84–83తో, సెమీస్‌లో చైనాను వాళ్ల గడ్డ మీదే 77–76తో. ఆ సెమీస్‌లో చివర్లో జస్టిన్ బ్రౌన్లీ వేసిన మూడు పాయింట్ల షాట్లు చూడనివాళ్లు వెతికి చూడండి. ఫైనల్లో మళ్లీ అదే జోర్డాన్, 70–60. 1962 తర్వాత ఫిలిప్పీన్స్‌కు పురుషుల బాస్కెట్‌బాల్‌లో అదే మొదటి ఆసియా క్రీడల స్వర్ణం. పట్టికలో ఒక గీత పైనా కిందా అంటే ఇంత దారి మారుతుంది. అందుకే ఆ గీత తప్పు గీయకూడదని ఇంత పట్టుబడుతున్నాను.

ఇక సాధన. ఈసారిది కష్టమే. ఒక్కటే ఇస్తున్నాను.

సూర్యాపేట 71 – నల్గొండ 70
సూర్యాపేట 80 – మహబూబ్‌నగర్ 58
సూర్యాపేట 75 – గద్వాల 66
మహబూబ్‌నగర్ 70 – నల్గొండ 62
గద్వాల 66 – మహబూబ్‌నగర్ 61

నల్గొండ – గద్వాల మ్యాచ్ ఇంకా మిగిలుంది. పైన ఉన్న ఇద్దరే సెమీస్‌కు పోతారు. గద్వాల గెలిస్తే గొడవ లేదు, రాయక్కర్లేదు. నల్గొండ గెలిస్తే, 1 పాయింట్ తేడా నుంచి 15 దాకా ఒక్కొక్క తేడాకూ రెండో స్థానం ఎవరిదో పదిహేను వరుసల్లో రాయండి. పక్కన మూడు జట్ల తేడాలూ రాసి, కలిపితే సున్నా వస్తోందో లేదో చూడండి. పదిహేనింటిలో రెండు వరుసల దగ్గర రెండో స్థానం కోసం ఇద్దరు సమానంగా నిలుస్తారు. అక్కడ మళ్లీ మొదటి మెట్టుకు పోయారా లేదా అన్నదే నేను ముందు చూస్తాను. జవాబు మాత్రమే పంపితే తీసుకోను, చిన్న కాగితం ఫొటో కూడా కావాలి. కొట్టివేతలున్నా పర్వాలేదు.