ముంపు ఊరికి జ్ఞాపక గ్రంథం రాయడం ఎలా

మధ్య మానేరు జలాశయం కింద మా అమ్మమ్మ ఊరు మునిగింది. ఊరు కోల్పోయినవారికి కట్టిన ఆర్ అండ్ ఆర్ (పునరావాస) కాలనీలో పుట్టిన పిల్లలకు ఆ ఊరిని ఎట్లా చూపాలా అని వెతుకుతున్నప్పుడే యూదుల ‘యిజ్‌కోర్’ గ్రంథాల, అంటే పోయిన ఊళ్ల జ్ఞాపక గ్రంథాల సంగతి నాకు తెలిసింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నాజీలు తూర్పు ఐరోపాలోని యూదుల ఊళ్లను తుడిచిపెట్టాక, ప్రాణాలతో మిగిలినవారూ, అంతకు ముందే వలస పోయినవారూ కలిసి, ఇజ్రాయెల్‌లో, న్యూయార్క్‌లో, బ్యూనస్ ఎయిర్స్‌లో ఉంటూ, ఊరికొక పుస్తకం చొప్పున కొన్ని వందల పుస్తకాలు తెచ్చారు. అక్కడ మనుషులనే చంపేశారు కనుక మన ముంపును ఆ ఘోరంతో పోల్చడం న్యాయం కాదు; నేర్చుకోవలసింది వారి పద్ధతిని.

మొదట పటం గీయించండి. ఆ గ్రంథాల్లో చాలావాటిలో జ్ఞాపకం మీద చేత్తో గీసిన ఊరి పటం ఉంటుంది. రెవెన్యూ నక్షాను పెద్దల ముందు పెట్టవద్దు. అందులో సర్వే నంబర్లు ఉంటాయి గానీ, పొద్దుగూకిన తర్వాత ఎవరి అరుగు మీద ఎవరు కూర్చునేవారో ఉండదు. కాగితం ఇస్తే మా అమ్మమ్మ చెయ్యి కదలలేదు. సుద్దముక్క ఇచ్చినంక గచ్చు మీద ముందు బొడ్రాయి పెట్టి, అక్కడి నుంచి పోచమ్మ గుడికి గీత లాగి, ‘ఈడ యాపచెట్టు’ అని ఆగి, అరచేత్తో చెరిపి, చెట్టును జానెడు పక్కకు జరిపింది. ఆ దిద్దుబాట్లన్నీ అయ్యేదాకా ఓపిక పట్టి, ఫొటో తీసి, ఆ తర్వాతే కాగితం మీదికి ఎక్కించాలి. ఇద్దరి పటాలు కలవకపోతే రెండింటినీ అచ్చు వేయండి.

తర్వాత ఇంటింటి పేర్లు. 1954-55 నాటి ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డులో పట్టాదారులు, సాగుదారులు దొరుకుతారు. పాలేర్లు, బీడీలు చుట్టి ఇల్లు నడిపిన ఆడవాళ్లు అందులో కనిపించరు కనుక వాడవాడకూ పోయి అడగక తప్పదు. నా దృష్టిలో పుస్తకానికి అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే.

ఊరి పేరునూ, చెలకల పేర్లనూ మనవాళ్లు పలికినట్టే రాయండి. నాజీల మృత్యుశిబిరం వల్ల లోకానికి ఆష్‌విట్జ్‌గా తెలిసిన పట్టణం అక్కడి యూదులకు యిద్దిష్ భాషలో ఓష్పిత్సిన్. వారి గ్రంథం ఆ పేరునే నిలుపుకుంది. అయితే ఆ గ్రంథాలు ఎక్కువగా యిద్దిష్, హీబ్రూ భాషల్లో ఉండడంతో వేరే దేశాల్లో పెరిగిన మనవలకు అనువాదాలు అవసరమయ్యాయి. అందుకే తొలి ప్రతిని కాలనీలోని పదేళ్ల పిల్లతో బిగ్గరగా చదివించి, గెట్టు, కచ్చీరు, మోట వంటి ఏ మాట దగ్గర ఆమె ఆగితే ఆ మాటకు అక్కడే అర్థం రాయండి.