ఐలాండ్ పీక్ ఎక్కాలంటే: తాడు పని ఇంటి దగ్గరే నేర్చుకోండి

నేపాల్‌ ఖుంబు ప్రాంతంలోని ఐలాండ్ పీక్ 6,100 మీటర్లు దాటిన శిఖరం. పర్మిట్ల లెక్కలో ఇది ట్రెకింగ్ పీక్ కాబట్టి, ఎవరెస్ట్ బేస్‌క్యాంప్ నడిచొచ్చినవాళ్లు అదే ఊపులో దీనికీ డబ్బు కట్టేస్తుంటారు. నడిచినంత దూరం పర్వాలేదు. హిమానీనదం దాటాక నిలబడి ఉండే మంచుగోడ దగ్గర మాత్రం జుమార్ (తాడు మీద పైకి జరిగి, బరువు పడితే కిందికి జారకుండా పట్టేసే పిడి) పట్టడం రానివాళ్లు చలిలో బిగుసుకుపోతారు, వెనకున్న వరసనూ ఆపేస్తారు.

ముందు ఎత్తుకు అలవాటు పడాలి. ఏప్రిల్-మే, అక్టోబర్-నవంబర్ అనువైన నెలలు. లుక్లా (2,860 మీ.) నుంచి నామ్చే (3,440)లో రెండు రాత్రులు, తెంగ్‌బోచేలో ఒకటి, దింగ్‌బోచే (4,410)లో రెండు, చుకుంగ్ (4,730)లో రెండు గడిపి ఐలాండ్ పీక్ బేస్‌క్యాంప్‌కు వెళ్లాలి. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు దాదాపు 500 మీటర్లకు మించి పెరగకూడదు. విశ్రాంతి రోజున గదిలో ముసుగు తన్నకండి. చుకుంగ్ రీ (దాదాపు 5,550) ఎక్కి, దిగొచ్చి కింద నిద్రపోండి. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర వాడేదీ లేనిదీ డాక్టరుతో ముందే మాట్లాడండి, సల్ఫా మందులు పడనివాళ్లకు ఇది మరీ ముఖ్యం. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, ఒక కాలి మడమను రెండో కాలి వేళ్లకు ఆనిస్తూ గీత మీద నడవలేకపోతున్నా తెల్లారేదాకా ఆగకుండా అప్పుడే కిందికి దిగాలి.

ఇక తాడు పని. హైదరాబాద్ వాళ్లకు భువనగిరి కొండ దగ్గరే ఉంది, జుమారింగ్ (జుమార్‌తో తాడు ఎక్కడం), ర్యాపెలింగ్ (తాడు మీద దిగడం) రెండూ అక్కడ నేర్చుకోవచ్చు. మందపాటి గ్లౌజులు వేసుకుని, తర్వాత కళ్లు మూసుకుని కూడా చేసి చూడండి. జుమార్‌కు కట్టే స్లింగ్ (పట్టీ) పొడవు ముఖ్యం: హార్నెస్‌కు (నడుముకు, తొడలకు కట్టుకునే పట్టీల బెల్టు) వేలాడినప్పుడు జుమార్ చేతికి అందాలి. పొడుగైతే మీరు కింద, అది పైన. తాడును మంచుకు బిగించిన ప్రతి యాంకర్ దగ్గరా వరస ఇదే: ముందు సేఫ్టీ క్యారబైనర్‌ను (హార్నెస్‌కు పట్టీతో కట్టి ఉండే రెండో కొక్కెం) యాంకర్ దాటి పై తాడుకు తగిలించాలి, తర్వాతే జుమార్ తీసి పైకి మార్చాలి. అలసటలో ఈ వరస తారుమారైతే ఒక్క క్షణం మీరు దేనికీ కట్టి ఉండరు. అక్కడ ఒక్క క్షణం చాలు.

బరువంతా కాళ్ల మీదే వేయాలి. క్రాంపాన్ (బూటు కింద బిగించే ఇనప పళ్ల చట్రం) ముందు పళ్లు మంచులో దిగాక మడమ కాస్త కిందికి ఉంచండి, పైకి లేపితే పళ్లు ఊడిపోతాయి. చేతులతో లాక్కుంటూ ఎక్కితే ముంజేతులు ఇరవై అడుగుల్లోనే చచ్చుబడతాయి. అద్దె బూట్లకు క్రాంపాన్లు కుదిరాయో లేదో చుకుంగ్‌లోనే చూసుకోండి, చీకట్లో కాదు.

శిఖరానికి వెళ్లే రోజు రాత్రి ఒంటిగంట ప్రాంతంలో బయల్దేరతారు. నీళ్ల గొట్టం గడ్డకడుతుంది, దాన్ని నమ్మకండి. లీటరు సీసాలు రెండు, గోరువెచ్చటి నీళ్లతో, మూత కిందికి ఉండేలా తొడుగులో పెట్టండి. మంచు పైనుంచి కడుతుంది కాబట్టి మూత బిగుసుకోదు. హెడ్‌ల్యాంప్ అదనపు బ్యాటరీలు లోపలి జేబులో ఉండాలి. వెనక్కి తిరిగే సమయం ముందే గైడ్‌తో ఖరారు చేసుకోండి, ఉదయం పది మంచి గీత. శిఖరం పదడుగుల్లో ఉందనిపించినా సరే. ఎండెక్కితే గోడ పైనుంచి మంచుముక్కలు రాలతాయి.

దిగేటప్పుడే ఒళ్లు తూలుతుంది, తొందరా ఎక్కువే. ముందు సేఫ్టీని యాంకర్‌కు తగిలించి, ఫిగర్-ఎయిట్‌లో (తాడు మీద దిగేందుకు వాడే 8 ఆకారపు లోహపు పరికరం) తాడు ఎక్కించి, క్యారబైనర్ మర బిగించాలి. ఆ తర్వాత బరువు దాని మీద వేసి చూసి, పట్టిందని తేలాకే సేఫ్టీ విప్పాలి. ఎక్కేవాళ్లు వేలాడుతున్న తాడు బిగుసుకుని ఉంటుంది, అది ఫిగర్-ఎయిట్‌లో దూరదు. దిగడానికి వేరే తాడు ఉందేమో చూడండి, లేకుంటే కిందివాళ్లు వచ్చేదాకా ఆగండి. ఫిగర్-ఎయిట్ చేజారితే లోయలోకే, అందుకే దానికో చిన్న తాడు కట్టి హార్నెస్‌కు ముడేసి ఉంచండి.