ఆర్కిడ్ కుండీ మార్చే ముందు

ఫెలనాప్సిస్ రకం ఆర్కిడ్ పూలు రాలిపోయాయా? కుండీ మార్చడానికి ఇదే అదను. కానీ ముందు ఇవి చూసుకోండి.

– మట్టి అసలొద్దు. చెట్లను పట్టుకుని పెరిగే జాతి ఇది, వేర్లకు గాలి ఆడాలి. బెరడు ముక్కలు, బొగ్గు చాలు.

– వేరు తెల్లగా ఉందని కత్తెర తీయకండి. నీళ్లు చల్లి కాసేపు ఆగండి. పచ్చబడితే బతికున్నట్టే. వేళ్లతో నొక్కితే మెత్తగా జారి, లోపల దారం లాంటిది మాత్రమే మిగిలితే అది కుళ్లింది, కోసేయండి.

– ఆకు ముడతపడిందా? దాహమేనని నీళ్లు గుమ్మరించకండి. కుళ్లిన వేర్లు నీళ్లు తాగలేకపోయినా ఆకు అలాగే వాడిపోతుంది. (నేనొక మొక్కను ఇలాగే చంపుకున్నాను.)

– కుండీ ఒక్క సైజే పెంచండి, పెద్దదైతే మధ్యలో తడి ఆరదు.

– ఒక మొక్క అయ్యాక ఇంకో మొక్కను కోసే ముందల్లా కత్తెరను మంటలో కాల్చండి. వైరస్ ఎక్కువగా మొక్క రసంతోనే అంటుకుంటుంది.